తారెంత, చిప్స్ ఎంత: మెక్‌లౌడ్ సూత్రానికి ప్రతిపద వ్యాఖ్య

మూలం ఇది:

బి = (0.40 × హెచ్ × టి × వి + ఎస్ + ఏ) ÷ ఆర్

సి = (1 − 0.40 × వి) × హెచ్ × జి × ఇ

పాత తారు రోడ్డు మీద పలచగా ఎమల్షన్, అంటే నీటిలో బిందువులుగా కలిపిన తారు, చల్లి, ఆ వెంటనే ఒకే ఒక్క వరుస చిప్స్ పరిచి, రోలర్ తిప్పి వాహనాలకు వదిలేసే పని ఒకటుంది. అమెరికాలో దాన్ని చిప్ సీల్ అంటారు. మన కోడ్ పుస్తకాల్లో సర్ఫేస్ డ్రెస్సింగ్. పై రెండు సూత్రాలూ ఆ పనికి సంబంధించినవే. మొదటిది చదరపు మీటరుకి ఎన్ని లీటర్ల ఎమల్షన్ చల్లాలో చెబుతుంది, రెండోది ఎన్ని కిలోల చిప్స్ పరచాలో చెబుతుంది. ఇలా వేసిన పొర మందం సాధారణంగా సెంటీమీటరు కూడా ఉండదు. రోడ్డుకి బలం చేకూర్చడం దీని వల్ల కాదు, అలా అని ఎవరూ చెప్పలేదు కూడా. ఏళ్ల తరబడి ఎండకి తారులోని జిగి పోయి, గట్టిపడి, సన్నటి చీలికలు మొదలైన రోడ్డులోకి వాననీళ్లు దిగకుండా మూత వేయడం, అరిగి నున్నబడిన చోట టైర్లకు మళ్లీ పట్టు ఇవ్వడం, ఈ రెండే దీని పనులు. రోడ్డు ఇంకా బాగున్నప్పుడు చేయాల్సిన పని ఇది. బాగున్న రోడ్డు మీద డబ్బు ఖర్చు పెట్టమంటే ఏ పంచాయతీ అయినా ముఖం చిట్లిస్తుంది. అందుకే దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

సూత్రాన్ని ఈ రూపానికి తెచ్చినవాడు నార్మన్ మెక్‌లౌడ్, కెనడాలో ఇంపీరియల్ ఆయిల్ సంస్థ ఇంజనీరు. కాలం 1960లు. బీజం వేసింది మాత్రం న్యూజిలాండ్‌లో ఎఫ్.ఎం. హాన్సన్, 1935లో. మెక్‌లౌడ్ పద్ధతిని అమెరికాలోని ఆస్ఫాల్ట్ ఇన్‌స్టిట్యూట్ తన మాన్యువల్‌లో చేర్చుకుంది. మినెసోటా రాష్ట్రం తన చలికి, తన రోడ్లకి తగ్గట్టు దాన్ని సవరించి వాడుకుంటోంది. సర్ఫేస్ డ్రెస్సింగ్ కోసం ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2005లో తెచ్చిన ఐఆర్‌సీ 110 వెనక ఉన్నదీ హాన్సన్ ఆలోచనే.

వ్యాఖ్య పొడవునా ఒకే ఉదాహరణ పట్టుకుందాం. 3.75 మీటర్ల వెడల్పున్న ఊరి రోడ్డు, రోజుకి 500కి పైగా 1000కి లోపు వాహనాలు, 8 మిల్లీమీటర్ల మధ్యమ సైజు గ్రానైట్ చిప్స్, ఆర్‌ఎస్-2 ఎమల్షన్. లెక్కలు ఒక కిలోమీటరుకి, అంటే 3,750 చదరపు మీటర్లకి.

హెచ్: ఇది చిప్స్ సగటు కనిష్ఠ మందం, మిల్లీమీటర్లలో. మొత్తం సూత్రంలో మొట్టమొదట అర్థం కావలసింది ఇదే. రాయికి పొడవు, వెడల్పు, మందం అని మూడు కొలతలుంటాయి. టిప్పర్ నుంచి జారి తారు మీద పడిన క్షణాన రాయి ఎలాగైనా పడవచ్చు, అంచు మీద నిలబడవచ్చు, ఒరగవచ్చు. రోలరూ, ఆ తరవాత నెలల తరబడి టైర్లూ దాన్ని అటూ ఇటూ కదిపి కదిపి చివరికి వెడల్పు ముఖం కిందికి ఉండేలా పడుకోబెడతాయి. అలా పడుకున్నాక పొర ఎత్తు ఎంతో చెప్పేది రాయి మందమే. జల్లెడ చెప్పేది ఆ కొలత కాదు, ఎందుకంటే జల్లెడ కన్నంలోంచి రాయి దూరడం ప్రధానంగా దాని వెడల్పుని బట్టి ఉంటుంది.

ప్రతి రాయినీ పట్టుకుని కొలవలేం కాబట్టి మెక్‌లౌడ్ ఒక అడ్డదారి ఇచ్చాడు. సగం రాళ్లు ఏ సైజు కంటే చిన్నవో ఆ మధ్యమ సైజుని తీసుకోవాలి. ఫ్లేకీనెస్ ఇండెక్స్, అంటే మొత్తం రాళ్లలో పలచటి పలకల శాతం, కనుక్కోవాలి. ఆ శాతాన్ని 0.011506తో గుణించి, దానికి 1.139285 కలిపి, వచ్చిన దానితో మధ్యమ సైజుని భాగించాలి. మన 8 మిల్లీమీటర్ల చిప్స్‌లో పలకలు 20 శాతం ఉంటే హెచ్ 5.84 మిల్లీమీటర్లు వస్తుంది. అదే సైజులో పలకలు 35 శాతం ఉంటే 5.19కి పడిపోతుంది. జల్లెడ దృష్టిలో ఈ రెండు గుట్టలూ ఒకటే. ఎమల్షన్ దృష్టిలో మాత్రం చదరపు మీటరుకి 0.12 లీటర్ల తేడా, కిలోమీటరుకి దాదాపు 460 లీటర్లు.

తేడా ఖర్చులోదే అయితే ఇంత చెప్పనక్కర్లేదు. పలకలు ఎక్కువైన రోడ్డు మీద రెండు వ్యతిరేకమైన చెడులు పక్కపక్కనే కనిపిస్తాయి. చక్రాల దారిలో రాళ్లన్నీ పడుకుని పొర పలచబడుతుంది, తారు పైకి తేలి నల్లగా మెరుస్తుంది. ఆ రెండు దారుల నడుమా, అంచుల్లోనూ వాటిని తొక్కేవాళ్లు లేక రాళ్లు నిలబడే ఉంటాయి, కాళ్లు మాత్రమే తారులో ఉండి, కొద్ది నెలల్లో ఊడిపోతాయి. ఒకే రోజు, ఒకే రేటున చల్లిన తారు ఒక అడుగు దూరంలో ఎక్కువ, ఇంకో అడుగు దూరంలో తక్కువ. మినెసోటావాళ్లు దీనికి చేసిన సర్దుబాటు ఏమిటంటే, చక్రాల దారికి హెచ్‌తో ఒకసారి, తొక్కుడు లేని చోటికి హెచ్ బదులు మధ్యమ సైజుతో మరోసారి లెక్క కట్టి, రెంటి సగటుతో పని మొదలుపెట్టడం. మంచు తోసే బండ్ల బ్లేడ్లు నిలబడ్డ రాళ్లను గీక్కుపోయే దేశంలో అది సబబే. మంచు ఊసే లేని మన ఎండల్లో సగటు వైపు మొగ్గితే చక్రాల దారిలో తారు పొంగడం ఖాయం అని నా అభిప్రాయం. మనకి అసలు మందు ఘనాకారపు చిప్స్ తెచ్చుకోవడమే. జా క్రషర్ ఒక్కటే ఉన్న చోట రాయి పలకలుగా చితుకుతుంది. దాని తరవాత కోన్ క్రషర్ గానీ, రాళ్లను విసిరి కొట్టే వర్టికల్ షాఫ్ట్ ఇంపాక్టర్ గానీ ఉన్న యూనిట్‌లో ఆకారం బాగుపడుతుంది. కొటేషన్‌లో దూరమూ ధరా చూస్తారు గానీ ఏ క్రషరో అడగడం అరుదు.

వి: వదులుగా పోసిన చిప్స్‌లో ఖాళీల వాటా. కొలత తెలిసిన డబ్బాలో చిప్స్ కూరకుండా పోసి తూచాలి. మన గ్రానైట్ ఘనపు మీటరుకి 1,450 కిలోలు తూగిందనుకుందాం. సాంద్రత 2.65 ఉన్న రాయి ఖాళీ లేకుండా ఉంటే 2,650 కిలోలు తూగాలి. కాబట్టి 1 లోంచి 1,450/2,650 తీసేస్తే 0.45. అంటే గుట్టలో సగానికి కాస్త తక్కువ గాలే.

రాళ్లన్నీ ఇంచుమించు ఒకే సైజు అయితే ఈ సంఖ్య 0.50 దగ్గరికి వెళుతుంది. చిన్నా పెద్దా కలిస్తే చిన్నవి సందుల్లో దూరి తగ్గుతుంది. కాంక్రీటుకి అదే కావాలి, ఇక్కడ అది కీడు. ఈ పనిలో తారు కూర్చోవలసిన చోటే ఆ ఖాళీ. చిన్న రాళ్లు ముందే దాన్ని ఆక్రమిస్తే తారు ఎక్కడికి పోతుంది? పైకి. చిన్న రాయి నిండా మునుగుతుంది, దాని పక్కనున్న పెద్ద రాయి సగం కూడా మునగదు. సైజులన్నీ కలిసిన సన్న రజనునే కావాలని వాడే పనులు వేరే ఉన్నాయి, స్లర్రీ సీల్, మైక్రోసర్ఫేసింగ్. వాటిలో ఎమల్షన్‌ని రజనుతో ముందే కలిపి పరుస్తారు. వాటి డిజైన్ ఈ సూత్రంతో జరగదు, ల్యాబ్‌లో నమూనాలను అరగదీసి, చక్రం కింద నలిపి చూస్తారు. మన దేశంలో వాటికి ఐఆర్‌సీ ఎస్‌పీ 81 వేరే ఉంది.

డస్టు గురించి ఒక మాట ఇక్కడే. క్రషర్ పొడి అంటుకున్న చిప్‌కి తారు అంటదు. తారు అంటేది పొడికి, పొడి అంటి ఉన్నది రాయికి. మొదటి వానకి ఆ మధ్య పొర కరిగిపోతుంది. 75 మైక్రాన్ల జల్లెడ దాటే పొడి 1 శాతం మించితే చిప్స్ కడిగి వాడటం మేలు. కడిగిన చిప్స్ కాస్త తడిగా ఉన్నా ఎమల్షన్‌కి ఇబ్బంది లేదు, అందులో ఎలాగూ నీళ్లున్నాయి. వేడి తారుకి మాత్రం తడి పనికిరాదు.

0.40: అక్షరాల మధ్య కూర్చున్న ఈ అంకె హాన్సన్‌ది. న్యూజిలాండ్ రోడ్ల మీద అతను గమనించింది ఇది: పరిచిన వెంటనే చిప్స్ పొరలో ఖాళీ దాదాపు 50 శాతం, రోలింగ్ అయ్యాక 30 శాతం, వాహనాలు బాగా తిరిగాక 20 శాతం. కుంచంలో వేరుశనగకాయలు పోసి కుదిపిన కొద్దీ ఇంకో గుప్పెడు పట్టడం చూసినవాళ్లకి ఇందులో వింత కనిపించదు. 50 కాస్తా 20 అయిందంటే తొలి ఖాళీలో 0.40 వంతు మిగిలిందన్నమాట. కాబట్టి 0.40 × వి అంటే రోడ్డు కుదురుకున్నాక మిగిలే ఖాళీ, దాన్ని హెచ్‌తో గుణిస్తే ఆ ఖాళీ పరిమాణం. మన ఉదాహరణలో 0.40 × 5.84 × 0.45 అంటే సుమారు 1.05. మిల్లీమీటర్ల మందంలో వచ్చిన ఈ సంఖ్యనే చదరపు మీటరుకి లీటర్లుగా చదువుకోవచ్చు, ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు మందం అంటే సరిగ్గా ఒక లీటరు కాబట్టి.

ఇక్కడ ఆగి చూస్తే సూత్రం స్వభావం తెలుస్తుంది. రాయిని పట్టి ఉంచడానికి ఎంత బలమైన జిగురు కావాలి అని మెక్‌లౌడ్ ఎక్కడా అడగలేదు. రాళ్ల మధ్య ఎంత చోటుంది అనే అడిగాడు. డిజైన్ చేసేది పనిపూర్తయిన రోజు రోడ్డుకి కాదు, ఏడాది రెండేళ్లు తొక్కుడు పడి కుదురుకున్న రోడ్డుకి.

టి: మిగిలిన ఆ ఖాళీలో ఎంత వంతు తారుతో నింపాలి అనేది. హాన్సన్ 60 నుంచి 75 శాతం అన్నాడు. మెక్‌లౌడ్ దాన్ని వాహనాల లెక్కకి ముడివేశాడు. రోజుకి 100 లోపైతే 0.85. 100 నుంచి 500 దాకా 0.75, 1000 దాకా 0.70, 2000 దాకా 0.65. ఆ పైన 0.60.

ఈ వరుస చూసి ఎవరైనా ఒకసారి ఉలిక్కిపడతారు. బండ్లు ఎక్కువ తిరిగే రోడ్డుకి తారు ఎక్కువ పడాలి కదా, గట్టిగా పట్టుకోవాలి కదా అనిపిస్తుంది. జరిగేది దానికి తిరగబడి ఉంటుంది. టైరు ఒత్తిడికి రాయి కిందికి, పాత రోడ్డులోకి కూడా, కూరుకుంటుంది. రాళ్లు ఒకదానికొకటి ఇంకా దగ్గరవుతాయి. ఖాళీ తగ్గుతుంది, అంతకుముందు సగం దాకా ఉన్న తారు ముప్పాతిక దాకా లేస్తుంది. లారీలు తిరిగే రోడ్డుకి తారు పెంచితే చిప్స్ మునిగిపోయి నల్లటి నున్నటి పట్టీ మిగులుతుంది. మే నెల మధ్యాహ్నం మన తారు రోడ్డు పైభాగం 60 డిగ్రీలు దాటుతుంది. వీజీ-10 గ్రేడు బిటుమెన్ మెత్తబడే ఉష్ణోగ్రతకి ఐఎస్ 73 పెట్టిన కనీస హద్దు 40 డిగ్రీలు, వీజీ-30కి 47. చెప్పులకి అంటుకునే రోడ్డు వెనక చాలాసార్లు ఉన్నది పిసినారి కాంట్రాక్టర్ కాదు, చెయ్యి జారిన ఉదారుడు. ఆ తరవాత వాన పడితే ఆ పట్టీ మీద బ్రేకు వేసిన మోటారు సైకిలు ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. ఇక రోజుకి పాతిక బండ్లు తిరిగే తండా రోడ్డులో రాళ్లను నొక్కి పడుకోబెట్టేవాళ్లు లేరు. అక్కడ తారే ఎక్కువ లోతున పట్టుకోవాలి, అందుకే 0.85.

టి మీద నాకు రెండు అభ్యంతరాలున్నాయి. ఒకటి, మెక్‌లౌడ్ పట్టికకి లారీ ఒకటే, కారు ఒకటే. న్యూజిలాండ్‌వాళ్లు తరవాత తమ పద్ధతిలో ఒక భారీ వాహనాన్ని పది తేలికపాటి వాహనాలుగా లెక్క కట్టడం మొదలుపెట్టారు. కరీంనగర్ గ్రానైట్ క్వారీల వైపు వెళ్లే రోడ్డుకీ, ఆటోలూ మోటారు సైకిళ్లే తిరిగే కోనసీమ కాలవగట్టు రోడ్డుకీ వాహనాల సంఖ్య ఒకటే అయితే మెక్‌లౌడ్ ఒకే టి ఇస్తాడు. ఆ పని చేయకూడదు. రెండు, 3.75 మీటర్ల ఒంటి లేనులో బండ్లన్నీ అవే రెండు గాళ్లలో నడుస్తాయి. రోజుకి 600 అన్నా ఆ గాళ్ల వరకు 1,200 తిరిగే రెండు లేన్ల రోడ్డు తొక్కుడే. కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తే తొక్కుడంతా మిగతా సగానికి మారుతుంది. దమ్ము చేసి కేజ్‌వీల్స్ విప్పకుండానే రోడ్డెక్కే ట్రాక్టరుకి ఏ పట్టికలోనూ అంకె లేదు, ఉండబోదు. కొత్తగా పరిచిన చిప్స్‌ని ఆ ఇనుప రెక్కలు ఒక్క రాకపోకలో దున్నేస్తాయి.

ఉదాహరణకి టి 0.70 వేసుకుందాం. 1.05 × 0.70 అంటే 0.74 లీటర్లు.

ఎస్: పాత రోడ్డు పైభాగం స్థితికి సవరణ. ఇంతవరకు కొలిచినవన్నీ రాయివీ, వాహనాలవీ. ఎస్ ఒక్కటే రోడ్డుది. దీనికి సూత్రం లేదు, ఒక చిన్న పట్టిక ఉంది. రోడ్డు మీద ఇప్పటికే తారు తేలి నల్లగా ఉంటే 0.04 నుంచి 0.27 దాకా తగ్గించాలి. నున్నగా, పీల్చే గుణం లేకుండా ఉంటే సున్నా. కాస్త పీల్చేలా, ఎండి వెలిసిపోయి ఉంటే 0.14 కలపాలి. దానికి తోడు అక్కడక్కడ రాళ్లు లేచి చిన్న చిన్న గుంటలుంటే 0.27. బాగా లేచిపోయి ఉంటే 0.40. అన్నీ చదరపు మీటరుకి లీటర్లలో.

ఈ సంఖ్యలు చిన్నవిగా కనిపిస్తాయి. మన 0.74 పక్కన పెట్టి చూడండి. అదే రాయి, అవే వాహనాలు. రోడ్డు బాగా నల్లబడి ఉంటే 0.74 లోంచి 0.27 పోయి 0.47 మిగులుతుంది. బాగా గుంటలు పడి ఎండిపోయి ఉంటే 1.14 అవుతుంది. ఎమల్షన్‌గా మారిస్తే మొదటిది 0.70 లీటర్లు, రెండోది 1.70. దాదాపు రెండున్నర రెట్ల తేడా! హెచ్ కోసం ఆరు దశాంశాల దాకా పోయాం, వి కోసం డబ్బా తూచాం. ఇవన్నీ కలిసి తేలేంత తేడాని, ఒక మనిషి ఎండలో రోడ్డు మీద నిలబడి కంటితో తేల్చే ఒక్క ఎస్ తారుమారు చేస్తుంది. సూత్రం మొత్తంలో ప్రాణం ఈ అక్షరంలో ఉందని నేననుకుంటాను. దీన్ని ఆఫీసులో కూర్చుని నింపడం కుదరదు.

మన పద్ధతిలో ఇబ్బంది వచ్చేది సరిగ్గా ఇక్కడే. మన గ్రామీణ రోడ్లలో 20 మిల్లీమీటర్ల ప్రీమిక్స్ కార్పెట్ వేశాక పైన వేసే ఏ-రకం సీల్ కోట్‌కి స్పెసిఫికేషన్‌లో స్థిరమైన రేటు ఉంది, 10 చదరపు మీటర్లకి 9.8 కిలోల బిటుమెన్, 0.09 ఘనపు మీటర్ల చిప్స్. అక్కడ స్థిరమైన రేటు తప్పు కాదు. కింద ఉన్నది నిన్నో మొన్నో వేసిన కార్పెట్, ఏ జిల్లాలోనైనా ఒకలాంటిదే, కాబట్టి ఎస్ మారదు. అదే అలవాటుతో పదేళ్ల వయసున్న రోడ్డు మీద సంరక్షణ పొర వేసేటప్పుడు కూడా ఎస్టిమేట్‌లోని రేటునే చల్లితే చిక్కు మొదలవుతుంది. ఊళ్లో, స్కూలు దగ్గర చింతచెట్ల నీడలో ఒక ఎస్. ఊరు దాటాక, రోజంతా ఎండ పడే పొలాల మధ్య ఇంకో ఎస్. బస్సులు ఆగే చోట మరొకటి. ఎస్టిమేట్ కోసం ఏదో ఒక సంఖ్య ఉండాల్సిందే, కాదనను. చల్లే రోజు దాన్ని మార్చుకునే స్వేచ్ఛ అసిస్టెంట్ ఇంజనీరుకి (ఏఈకి) ఉండాలి, ఆడిట్‌లో ఆ మార్పుకి గౌరవం ఉండాలి.

కంటి అంచనాకి తోడుగా ఒక చవకైన పరీక్ష ఉంది. కొలిచిన ఇసుకని రోడ్డు మీద పోసి, చేత్తో పట్టుకునే బిళ్లతో గుండ్రంగా తిప్పుతూ రాళ్ల తలలు కనిపించేదాకా పరచాలి. 50 మిల్లీలీటర్ల ఇసుక 25 సెంటీమీటర్ల వ్యాసమున్న వలయంగా పరుచుకుంటే సగటు గరుకు లోతు దాదాపు 1 మిల్లీమీటరు. వలయం పెద్దదైతే రోడ్డు నున్నగా, చిన్నదైతే ఆకలిగా ఉందన్నమాట. పది చోట్ల చేస్తే ఒక పూట పని.

పట్టికలో లేని వరుస గురించి కూడా చెప్పాలి. చక్రాల దారిలో మొసలి చర్మం పగుళ్లు పడిన రోడ్డుకి ఎస్ విలువ ఎంత? లేదు. అది పైపొర జబ్బు కాదు, అడుగున బేస్‌దో మట్టిదో. బెంకెల్‌మన్ బీమ్ పెట్టి రోడ్డు బరువుకి ఎంత దిగుతోందో చూసి, బలమైన పొర వేయాల్సిన కేసు. దాని మీద చిప్ సీల్ వేస్తే ఒక్క వానాకాలం పగుళ్లు కనబడకుండా ఉంటాయి. గుంతలున్న చోట కూడా ముందు ప్యాచ్ వర్క్ జరగాలి. ఆ ప్యాచ్‌లు కుదురుకోవడానికి కొన్ని వారాలు ఇవ్వాలి, లేకపోతే కొత్త ప్యాచ్ మీది ఎస్ మళ్లీ వేరే.

మన ఉదాహరణ రోడ్డు కాస్త ఎండి వెలిసి ఉంది. 0.74కి 0.14 కలిపితే 0.88.

ఏ: చిప్స్ లోపలికి పీల్చుకునే తారు. రాయి నీటిని దాదాపు 2 శాతం పీల్చేదైతే 0.09 లీటర్లు కలపమన్నాడు మెక్‌లౌడ్. మన గ్రానైట్, బసాల్ట్‌లకి సున్నా. అంత పీల్చే రాయిని ఈ పనికి అసలు తీసుకోకపోవడమే మంచిది.

ఆర్: ఎమల్షన్‌లో నీరు ఆవిరయ్యాక మిగిలే బిటుమెన్ వాటా. ఇంతవరకు వచ్చిన 0.88 లీటర్లు అసలు బిటుమెన్. చల్లేది ఎమల్షన్ కాబట్టి ఆర్‌తో భాగించాలి. ఐఎస్ 8887 ప్రకారం ఆర్‌ఎస్-2లో మిగులు కనీసం 67 శాతం, ఆర్‌ఎస్-1లో 60 శాతం. డ్రమ్ము మారితే రేటు మారాలి. ఆర్‌ఎస్-2కి కట్టిన లెక్కతో ఆర్‌ఎస్-1 చల్లితే పది శాతం తారు తక్కువ పడినట్టే. వేడి బిటుమెన్ వాడితే ఆర్ విలువ 1.

ఆర్ వెనక రసాయనం కొంత ఉంది. గ్రానైట్‌లో సిలికా ఎక్కువ. తడి ఉన్నప్పుడు దాని పైభాగానికి రుణావేశం ఉంటుంది. అది బిటుమెన్ కంటే నీటినే ఎక్కువ ఇష్టపడే రాయి. అందుకే వానలకి గ్రానైట్ చిప్స్ బట్టతలలా బయటపడటం చూస్తాం. మన ఎమల్షన్లు ధనావేశం ఉన్న కేటయానిక్ రకం, బిటుమెన్ బిందువులు రాయి వైపు లాగబడి, నీటిని పక్కకి నెట్టి అతుక్కుంటాయి. ఆ అతుకు ఎంత గట్టిదో ఐఎస్ 6241 పరీక్ష చెబుతుంది: తారు పట్టించిన రాళ్లని 40 డిగ్రీల నీటిలో 24 గంటలు ఉంచి, ఎంత భాగం ఊడిందో చూడటం. పని మొదలుపెట్టే ముందు ఇదే క్వారీ రాయితో, ఇదే డ్రమ్ము ఎమల్షన్‌తో చేయించాలి.

చల్లినప్పుడు ఎమల్షన్ గోధుమ రంగులో ఉంటుంది. నీరు విడిపోయిన కొద్దీ నల్లబడుతుంది. చిప్స్ పడాల్సింది గోధుమ రంగులో ఉండగానే, అంటే ఇంచుమించు నిమిషంలో. నల్లబడి పైన పొర కట్టాక వేసిన చిప్ అడుగున తడవదు. స్ప్రేయర్ ముందుకి వెళ్లిపోయి చిప్స్ టిప్పర్ టీ తాగుతూ వెనకబడితే సూత్రంలోని ఏ అక్షరమూ కాపాడదు. మబ్బు పట్టిన రోజుల్లో విడిపోవడం ఆలస్యమవుతుంది, మన దగ్గర ఈ పనికి ఫిబ్రవరి నుంచి మే దాకా మంచి అదను.

బి: ఫలం. 0.88ని 0.67తో భాగిస్తే చదరపు మీటరుకి 1.31 లీటర్లు, కిలోమీటరుకి 4,900 లీటర్ల పైచిలుకు.

జి, ఇ, సి: రెండో సూత్రానికి ఇక పెద్దగా మిగిలింది లేదు. 0.40 × వి ఖాళీ అయితే, 1 లోంచి దాన్ని తీసేసినది రాయి. హెచ్‌తో గుణిస్తే రాయి పరిమాణం, సాంద్రత జితో గుణిస్తే బరువు. ఇ వృథా కోసం. బండ్ల వేగానికి ఎగిరిపోయేవి ఊరి రోడ్డుకి 5 శాతం, వేగంగా వెళ్లే రోడ్డుకి 10 శాతం, అంటే 1.05 లేదా 1.10. మనకి 0.82 × 5.84 × 2.65 × 1.05, అంటే చదరపు మీటరుకి 13.3 కిలోలు.

ఆ మేర పరిస్తే చిప్స్ మధ్య అక్కడక్కడ నల్లటి తారు కనిపిస్తుంది. చూసిన పెద్దమనిషి ఎవరైనా ఇంకో రెండు తట్టలు వేయించమంటాడు, మేస్త్రీ వేయిస్తాడు. ఆ అదనపు రాళ్లకి కింద తారు లేదు. అవి వదులుగా దొర్లి, టైర్ల కింద పడి, అతుక్కున్న రాళ్లని కూడా పెకలిస్తాయి. ఒకటే వరుస, రాయి పక్కన రాయి. రోలింగ్‌కి టైర్ల రోలర్ మేలు, ఎగుడుదిగుళ్లలోనూ ఒత్తుతుంది. ఇనుప రోలర్ ఎత్తుగా ఉన్న రాళ్ల మీద వంతెన కట్టి, వాటినే చితగ్గొడుతుంది.

సైటులో సరిచూసుకోవడం. స్ప్రేయర్ బయల్దేరే ముందు 20 సెంటీమీటర్ల చదరపు రేకు ట్రేలు దారిలో రెండు మూడు చోట్ల పెట్టి, దాటిపోయాక తూచాలి. మన రేటుకి ఒక్కో ట్రేలో 50 గ్రాముల పైచిలుకు ఉండాలి. స్ప్రే బార్ మధ్యలో సరిపోయి అంచుల్లో తక్కువ పడితే నాజిల్ మూసుకుపోయినట్టు. మర్నాడు ఉదయం వదులు చిప్స్ ఊడ్చాక చక్రాల దారిలో కొన్ని, నడిమధ్యలో కొన్ని చిప్స్ ఊడబెరికి, ఎంత ఎత్తు దాకా నల్లగా ఉందో చూడాలి. రోలింగ్ అయిన మర్నాటికి సగం దాకా ఉంటే చాలు, తొక్కుడు పడ్డాక అది 70 శాతానికి చేరుతుంది. అప్పుడే 70 దాటి ఉంటే మిగతా కిలోమీటర్లకి రేటు తగ్గించాలి, మూడో వంతుకి కూడా రాకపోతే పెంచాలి. ఏ కిలోమీటరు రాయి దగ్గర ఎంతకి మార్చారో, పాత రోడ్డు అక్కడ ఎలా ఉందో మెజర్‌మెంట్ బుక్‌లో (ఎం.బి.లో) ఒక వాక్యం రాయాలి. ఐదేళ్ల తరవాత మళ్లీ ఇదే రోడ్డుకి ఎస్ వేయాల్సిన ఏఈకి అంతకు మించిన పట్టిక దొరకదు.